పద్నాలుగో నంబరు ముద్ర

పోయిన వారం చదివినవాళ్లకి గుర్తుండాలి. మరచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. అయిదో ముక్క అడగవద్దు.

నేను నరసింగరావుని. ఉక్కు ప్లాంటులో మెషిన్ షాపు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. రిసాలిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. మూడేళ్ల క్రితం నా భార్య కన్నమ్మ దుర్గ్ బజారుకి వెళ్లొస్తానని చెప్పి, నందిని రోడ్డు మీద, మా కాలనీ కుర్రాడు చక్రి నడిపే కారులో చనిపోయింది. దుర్గ్ ఒక దిక్కు, నందిని ఇంకో దిక్కు. ఆ కారులో ఎందుకు కూర్చుందో చక్రి చెప్పలేదు. నేను అడగలేదు. అది చక్రి తన షెడ్డులో కట్టిన పందెం బండి. వాడి చేతిపని విరిగి నా భార్యని చంపిందని రిసాలిలో ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాను.

నాలుగు నెలల క్రితం నా కూతురు ప్రసూన, అదే చక్రి కట్టిన ఇంకో బండి నడుపుతానంది. ఆ రోజు నుంచి దానికీ నాకూ మాటలు లేవు.

రేపు పొద్దున నందిని సున్నపురాయి గనుల దారుల్లో కార్ల ర్యాలీ. ఈ రోజు బళ్ల తనిఖీ. తనిఖీ పెద్ద సూర్యప్రకాష్ ఒకప్పుడు మా షాపులో నా కింద పనిచేసినవాడు. కొలతలు తీయడానికి నన్ను పిలిచాడు. చక్రి బండి వస్తుందని తెలిసే ఒప్పుకున్నాను. "మీ అమ్మాయి బండి ఇంకొకరు చూస్తారులెండి" అన్నాడు. నేనే చూస్తానన్నాను. ఇంకొకరు చూస్తే జాలిపడతారు.

పదిహేడో నంబరు బండి షెడ్డులోకి వచ్చింది. ఎడమ చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమాను. ఏదో తేడా తగిలింది. "పైకెత్తండి" అన్నాను.

అక్కడ ఆగాం.

బండిని పైకెత్తారు. నేను కిందకి దూరాను.

చక్రాన్ని బండి అడుగుకి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటి ఉంటుంది. మెకానిక్కులు లోయర్ ఆర్మ్ అంటారు. పక్క బల్ల మీద షోరూమ్ నుంచి పోల్చుకోవడానికి తెచ్చిన కొత్త ఆర్మ్‌ల జత ఉంది. వాటిని కంపెనీవాళ్లు రెండు రేకులు నొక్కి, అంచులు కలిపి వెల్డు చేస్తారు. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తుంది. నా తల మీద ఉన్న ఆర్మ్‌కి ఆ గీత లేదు. ఒకే దళసరి పలక నుంచి కోసి, అంచులు ఆకురాయితో నున్నగా తీసి, నల్లరంగు వేశారు.

"విప్పండి. రెండు పక్కలవీ."

చక్రి వచ్చి వంగాడు. మూడేళ్లుగా వాడి ముఖం దగ్గరగా చూడలేదు. ముప్పై రెండేళ్లవాడికి చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి.

"బాబాయ్, ఒక్క నిమిషం. నాను సెప్పేది ఇనుకో, తరవాత ఇప్పుదువు గాని."

నేను సూర్యప్రకాష్ వైపు తిరిగాను. "విప్పమని చెప్పు."

విప్పారు. తూకం వేశాను. షోరూమ్‌ది రెండు కిలోల ఆరువందలు. చక్రిది మూడు కిలోల నాలుగు వందలు.

సూర్యప్రకాష్ ఫారం తెరిచాడు. ఈ తరగతికి రూలు ఒక్కటే. కంపెనీ ఏడాదిలో కనీసం రెండున్నర వేల బళ్లు చేసి జనానికి అమ్మి ఉండాలి. ఆ బండి ఎలా ఉంటుందో ఫొటోలు తీసి, కొలతలు రాసి, కంపెనీయే మోటారు పందేల సంఘానికి ఇస్తుంది. దాన్ని హోమోలోగేషన్ ఫారం అంటారు. బండికి అదే జాతకం. ఫారంలో ఉన్నది బండిలో ఉండాలి. ఫారంలో లేనిది, రూలు పుస్తకం ఒప్పుకోనిది, ఉండకూడదు. మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు.

ఫొటోలో ఆర్మ్‌కి అంచు గీత ఉంది. చక్రి దానికి లేదు.

"కేజ్ చూశారా రావు గారూ?" అని సూర్యప్రకాష్ అడిగాడు. బండి పొర్లితే లోపలి మనిషిని కాపాడే గొట్టాల పంజరం అది. మాట దారి మళ్లించాలని చూశాడు.

"చూశాను. పెద్ద గొట్టం నలభై అయిదు మిల్లీమీటర్లు, గోడ రెండున్నర. అతుకులేని గొట్టమే. అది పాస్. ఇది కాదు."

"అరే నాన్నా, కమ్‌జోర్ అయితే ఆపు!" ప్రసూన హెల్మెట్ బల్ల మీద పెట్టింది. నాలుగు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "ఇది వాళ్లదాని కంటే డబుల్ స్ట్రాంగ్. ఎక్కువ గట్టిగా ఉండడం తప్పేంటి?"

"తప్పే."

"ఎందుకు?"

"ఫారంలో లేదు."

పక్క గడిలో సతీశ్ బండి ఉంది. స్మృతి నగర్‌లో వాళ్ల నాన్నకి టైర్ల దుకాణం. బండి బానెట్ మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు.

"అంకుల్ కరెక్ట్, ప్రసూనా దీదీ. రూల్ ఈజ్ రూల్. నా బండిలో సబ్ కుచ్ షోరూమ్ సరుకే. పోయిన వారమే కొత్త ఆర్మ్‌లు వేయించా. బిల్లు కూడా ఉంది."

"నువ్వు మూసుకో" అంది ప్రసూన.

"మూసుకున్నా. కళ్లు మాత్రం తెరుచుకుని ఉన్నా." ఫోను తీసి మమ్మల్ని వీడియో తీయడం మొదలుపెట్టాడు.

ప్లాంటు మనుషుల జబ్బు నాకు తెలుసు. కొన్న సామాను కొన్నట్టు వాడలేరు. ఇంట్లో కుర్చీ కాలు ఊగితే కుర్చీ మార్చరు. షాపు నుంచి ముక్క తెచ్చి, ఏనుగు ఎక్కినా విరగని కాలు చేస్తారు. కుక్కర్ పిడి మొదలు గేటు గడియ దాకా మా కాలనీలో కంపెనీ ఇచ్చినట్టు ఉన్నది ఒక్కటీ లేదు. బలం తక్కువైతే తప్పని మాకు నేర్పారు. ఎక్కువైతే తప్పని ఎవరూ నేర్పలేదు. చక్రి తండ్రీ ప్లాంటువాడే. జబ్బు అక్కణ్ణుంచే వచ్చింది.

ఒక్క పని మిగిలింది. అతుకు గీత రంగు కింద ఉండి ఉండొచ్చు. అన్యాయంగా తిరస్కరించానని రేపు ఎవరూ అనకూడదు. బ్లేడు తీసి ఎడమ ఆర్మ్ మీద రంగు గీకాను. గీత లేదు. ఇంకొంచెం గీకాను.

గీత బదులు ముద్ర కనిపించింది.

వంకర చతురస్రం. దానిలో పద్నాలుగు.

బ్లేడు బల్ల మీద పెట్టాను. సూర్యప్రకాష్ నా భుజం మీదుగా వంగి చూశాడు.

మా షాపులో ఒక్కో ఇన్‌స్పెక్టరుకి ఒక్కో ఉక్కు పంచి ఉండేది. వేలెడంత ముక్క. కొలిచి, సరిపోయిందనుకుంటే, సామాను మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఆ ముద్ర పడితే ఆ ఇనుము నా మాట మీద బయటికి వెళ్లినట్టు. రేపు అది విరిగితే నన్ను పిలుస్తారు. ముప్పై ఒక్క ఏళ్లు పద్నాలుగో నంబరు నాది. దాన్ని ఇంకొకడి చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

"రావు గారూ." సూర్యప్రకాష్ గొంతు బాగా తగ్గించాడు. "ఇది మీ నంబరు గదా?"

"నాదే."

సతీశ్ బానెట్ మీద నుంచి దూకాడు. "ఏంటేంటి? ఇన్‌స్పెక్టర్ గారి ముద్ర ముందే పడిపోయిందా? అరే వాహ్! కూతురి బండికి నాన్న ఇంట్లోనే పాస్ చేసి పంపించాడు. ఇక్కడ మా ముందు నాటకం!" ఫోను నా ముఖం దగ్గరికి తెచ్చాడు. "అంకుల్, కొంచెం ఇటు చూడండి."

"ఫోను తియ్" అన్నాడు సూర్యప్రకాష్.

"తియ్యను సర్. నేను ప్రొటెస్ట్ రాస్తున్నా. ఆ బండి మీదా, ఈయన మీదా."

"రాసుకో. అది నీ హక్కు" అన్నాను.

కుడి ఆర్మ్ తీసుకుని దాని మీద కూడా రంగు గీకాను. మొత్తం గీకాను. ముద్ర లేదు. రెండూ ఒక్క చేతిపనే. ఎడమదానికి నా ముద్ర ఉంది, కుడిదానికి లేదు.

చక్రి వైపు తిరిగాను. మూడేళ్లలో మొదటిసారి వాడితో మాట్లాడాను.

"నా పంచి నీ చేతికి ఎలా వచ్చింది?"

వాడు ప్రసూన వైపు చూశాడు.

"దాని వైపు కాదు. నా వైపు చూసి చెప్పు. నా ఇంట్లో దొంగతనం చేశావా?"

"నేదు బాబాయ్."

"మరి?"

"నానివ్వమని అడగనేదు. నాకసలు తెలీనే తెలీదు, అదొకటుందని."

"నాన్నా," ప్రసూన మధ్యలోకి వచ్చింది. "చక్రి భయ్యాని అడక్కు. అమ్మ కొట్టింది."

బయట ఎవరో ఇంజను ఆపారు. షెడ్డు రేకుల మీద ఎండ చిటపటలు వినిపించాయి.

"ఏ అమ్మ?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్న. నోరు అదే అడిగింది.

"మన అమ్మ. నీ పెట్టెలోంచి తీసింది. కొంగుకి కట్టుకుని భయ్యా షెడ్డుకి వెళ్లింది. నేనప్పుడు పక్కనే ఉన్నా."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రిటైరయ్యే రోజు ఇన్‌స్పెక్టరు పంచి తిరిగి ఇచ్చేయాలి. నేను ఇవ్వలేదు. పోయిందని కాగితం రాసిచ్చి, ఇంటికి తెచ్చి పెట్టెలో దాచుకున్నాను. జీవితంలో నేను తప్పిన రూలు అదొక్కటి. కన్నమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఇతరులు అరమిల్లీమీటరు తప్పితే ఊరుకోని మనిషిని. నా పెట్టెలో అది ఉంది.

"ఎందుకు కొట్టింది?"

చక్రి చేతులు నూనెగుడ్డతో తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా తుడుస్తూనే ఉన్నాడు.

"కంపెనీ ఆర్మ్ మీద నాకు నమ్మకం నేదు బాబాయ్. రెండు ఆర్మ్‌లూ పలక కోసి సేద్దామనుకున్నాను. ఎడంది అయింది. పిన్ని సూసి, ఇదేటి సక్రీ, దీని మీద ముద్ర నేదు అన్నాది. ఇది మన పనే పిన్నీ, ముద్రెవలేస్తారన్నాను. ముద్ర నేని ఇనుము మా ఇంట్లో పీట కింద కూడా ఎయ్యరు అన్నాది. మర్నాడు పంచి తెచ్చినాది. నానే సుత్తిచ్చినాను. కొట్టి, ఇప్పుడు మీ బాబాయి కూడా బండెక్కినట్టేరా అని నవ్వినాది."

"అసలు నీ షెడ్డుకి ఎందుకు వచ్చేది?" అన్నాను.

"నోట్సు సదవడానికి."

"ఏం నోట్సు?"

"దారి నోట్సు. ముందు మలుపెంత, గొయ్యెక్కడ, ఎక్కడ బ్రేకు. పక్క సీటులో కూకుని సదివేవోళ్లు కావాల. నా నేస్తాలందరూ ఇంగ్లీషులో సదివి తడబడిపోయేవోళ్లు. పిన్ని తెలుగులో రాసుకుని సదివేది. ఎడంకి నాలుగు, గట్టు, తగ్గు, కుడికి రెండు. ఒక్క మలుపు తప్పనేదు బాబాయ్. అంత బాగా ఎవలూ సదవనేదు నాకు."

కన్నమ్మ మా ఊరి బడిలో అయిదు దాకా చదివింది. ముప్పై ఏళ్లలో ఇంట్లో ఆవిడ చదివింది కిరాణా చీటీలే అనుకున్నాను.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమనేవాడివి నాన్నా?" అంది ప్రసూన.

జవాబు అందరికీ తెలుసు.

"మీ బాబాయికి ర్యాలీ రోజునే తెలవాల అన్నాది పిన్ని," చక్రి అన్నాడు. "అప్పుటి దాకా నోరిప్పనని ఒట్టేయించుకున్నాది. పోయినాక కూడా ఆ ఒట్టే పట్టుకుని ఊరుకున్నాను. నువ్వు అడగనూ నేదు."

"నీ చేతిపని విరిగింది. నేనేం అడగను?"

"నా సేతిపని ఇరగనేదు బాబాయ్."

గుడ్డ కింద పడేశాడు.

"ఆ రోజుకి ఎడందొక్కటే అయింది. కుడి పక్క ఇంకా కంపెనీ ఆర్మే ఉంది. రెండోది ఆదివారం సేద్దాంలే, ఒక్కసారి దారి సూసొద్దాం అన్నాది పిన్ని. కుడి ఆర్మ్, సక్రానికి కలిసే బాల్ జాయింటు దగ్గిర, ఎల్డు పక్కనే ఇరిగింది. సక్రం లోపలికి మడతెట్టేసింది. బండి కుడిపక్కకే పొర్లిపోనాది. ఎడంది, నీ ముద్ర ఉన్నది, సెక్కు సెదరనేదు. అదే ఇది. దాన్నే ఇప్పి ఈ బండికి ఏసినాను. కుడిది కొత్తగా సేసినాను. దానికి ముద్రెయ్యడానికి పిన్ని నేదు."

ముప్పై ఒక్క ఏళ్లు విరిగిన ఇనుము చూసి బతికాను. ముక్క చేతికిస్తే ఎక్కడ మొదలై ఎక్కడికి చీలిందో చెప్పేవాణ్ణి. నా భార్య చచ్చిపోయిన బండి మూడు వారాలు పోలీసు స్టేషను ఆవరణలో పడి ఉంది. రిసాలి నుంచి సైకిలు మీద ఇరవై నిమిషాలు. వెళ్లలేదు. చూడకుండానే ముద్ర కొట్టాను.

ఎవరి ముఖమూ చూడాలనిపించలేదు. బల్ల దగ్గరికి వెళ్లి తనిఖీ కాగితం తీసుకున్నాను.

"రావు గారూ," సూర్యప్రకాష్ మెల్లగా అన్నాడు. "టైము రెండూ ఇరవై. అయిదింటికి షెడ్డు మూసేస్తాం. ఏం రాస్తారు?"

రాశాను. పదిహేడో నంబరు. తిరస్కరణ. లోయర్ ఆర్మ్‌లు ఫారంలో ఉన్నట్టు లేవు. దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను. ఎడమ ఆర్మ్ మీద ముద్ర నాది. తిరిగి ఇవ్వాల్సిన పంచి ఇవ్వకుండా దాచింది నేను. సంతకం చేశాను.

సతీశ్ వంగి చదివాడు. ఫోను దించాడు.

ప్రసూన కాగితం చూసి నవ్వింది. అది నవ్వు కాదు. "బస్. అయిపోయింది. నీ చేతిలో అమ్మ వస్తువు ఉన్నా రిజెక్టేనా నాన్నా?"

"రిజెక్టే."

"ఇప్పుడేం చెయ్యమంటావు? కంపెనీ ఆర్మ్‌లు వేసుకుని వెళ్లమంటావా? అమ్మని చంపినవాటిని? అవైతే పాస్ చేస్తావు కదా?"

"పాస్ చెయ్యాలి. రూలు అది."

"బాబాయ్, పందెం మానెయ్యమను, మానేస్తాది," చక్రి అన్నాడు. "ఆ ఆర్మ్ మీద దాన్ని నాను కూకోబెట్టను. నా పీక కోసినా కూకోబెట్టను."

"ఎవడు మానేస్తాడు?" ప్రసూన హెల్మెట్ మళ్లీ తీసుకుంది. "ఆ జత కొంటా. బిగించు భయ్యా. వెళ్తా."

నాకు ఈ పిల్ల ఎవరి పోలికో అప్పుడు తెలిసింది. నా పోలిక. అంతకంటే చెడ్డ వార్త ఏ తండ్రీ వినకూడదు.

"సూర్యప్రకాష్, రూలు పుస్తకం ఇయ్యి."

నాకు ఇంగ్లీషు బడిలో రాలేదు. షాపులో వచ్చింది, డ్రాయింగుల మీద. వేలు పెట్టి చదివాను. సస్పెన్షన్ పేజీ. కొత్త భాగం చేసి పెట్టకూడదు. కానీ అసలు భాగానికి బలం కోసం ఇనుము అతకవచ్చు. అతికే పలక అసలు ఆకారాన్నే అనుసరించాలి, దాన్ని అంటుకునే ఉండాలి. అసలు భాగం ఇదేనని చూసి గుర్తుపట్టేట్టు ఉండాలి.

"అంటే షోరూమ్ ఆర్మ్ తీసుకుని, దాని మీద పలక వెల్డు చేస్తే?"

"ఒప్పుకుంటాం" అన్నాడు సూర్యప్రకాష్. "కానీ రెండున్నర గంటల్లో రెండు ఆర్మ్‌లు, రావు గారూ. పలుచని రేకు. కొంచెం వేడెక్కితే వంకర పోతాది. అలా ఎల్డు చేసే చెయ్యి ఎవరిది?"

చక్రి తన కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. చూపుడువేలు, మధ్యవేలు మడవలేడు. ఆ రోజు స్టీరింగు కింద నలిగాయి. అది కూడా నేను ఇప్పుడే చూశాను.

నేను ఇన్‌స్పెక్టరు కాకముందు పదకొండేళ్లు వెల్డర్ని. ఈ సంగతి సూర్యప్రకాష్‌కి తెలుసు. అందుకే నా వైపు చూడకుండా నేలని చూస్తున్నాడు.

"తనిఖీ మనిషి ఏ బండి మీదా చెయ్యి వెయ్యకూడదు సర్," సతీశ్ అన్నాడు. ఈసారి వెటకారం లేదు. మాట నిజం.

"తెలుసు."

చొక్కాకి పెట్టుకున్న బ్యాడ్జీ విప్పి సూర్యప్రకాష్ అరచేతిలో పెట్టాను.

"మళ్లీ పెట్టుకోడానికి కుదరదు రావు గారూ. ఆలోచించండి."

"మిగతా బళ్లు నువ్వే కొలుచుకో."

ప్రసూన ఏదో అనబోయింది. "మాట్లాడకు. ఆ జతకి డబ్బు కట్టి రా" అన్నాను. వెళ్లింది. "చక్రీ, ఎండ తగలని చోట బల్ల వెయ్యి. ఎమిరీ కాగితం, డీజిలు, ఉతికిన గుడ్డ తే. సుద్దముక్క కూడా."

"ఎల్డుకి సుద్దెందుకు బాబాయ్?"

"ముందు ఇనుముని అడగాలి. తరవాత అతకాలి."

ఇది షాపులో నాకు నేర్పిన మొదటి పని. దేని మీద అతుకు వేస్తున్నావో అది పుండు లేనిదో కాదో చూసుకోవాలి. బాల్ జాయింటు దగ్గర, వెల్డు పక్కన, రంగు పోయేదాకా ఎమిరీతో రుద్దాను. డీజిలు పూశాను. పది నిమిషాలు ఆగాను. చీలిక ఉంటే డీజిలు అందులోకి దిగి దాక్కుంటుంది. పైన పొడిగా తుడిచి, మెత్తగా నూరిన సుద్ద చల్లి ఊరుకుంటే, దాక్కున్నది బయటికి వస్తుంది. దీనికి మిషన్లు ఉన్నాయి ఇప్పుడు. సుద్ద అబద్ధం చెప్పదు.

చక్రి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం తెల్లటి సుద్దనే చూస్తున్నాం. గని వైపు నుంచి లారీలు వెళ్తున్నాయి.

"పిన్ని ఆకరికి ఏటన్నాదో తెలుసా బాబాయ్?" అన్నాడు.

"చెప్పకు."

సుద్ద మీదికి ఇంకాస్త వంగాడు.

సుద్ద మీద ఒక గీత లేచింది. మొదట వెంట్రుకంత. తర్వాత నల్లగా, స్పష్టంగా, వెల్డు పక్కనే, చిటికెన వేలు గోరంత పొడవున. అప్పుడే అట్టపెట్టె విప్పిన ఆర్మ్. రోడ్డు చూడని ఆర్మ్.

చక్రి లేచి నిలబడ్డాడు. "అక్కడే," అన్నాడు. "అక్కడే ఇరిగింది బాబాయ్. సరిగ్గా అక్కడే."

ఎడమది తీసుకున్నాను. రుద్దాను, పూశాను, తుడిచాను, చల్లాను. మళ్లీ పది నిమిషాలు ఆగాను. ప్రసూన వచ్చి నా వెనక నిలబడింది. దాని నీడ సుద్ద మీద పడుతుంటే జరగమన్నాను. జరిగింది.

ఎడమదాని మీద కూడా అదే చోట గీత లేచింది.

రెండు ఆర్మ్‌లూ తిరగేశాను. అడుగున కంపెనీ కొట్టిన సరుకు నంబరు ఉంది. రెండింటికీ ఒకటే. ఒకే విడతలో చేసిన సరుకు.

"సూర్యప్రకాష్, ఈ షోరూమ్ నుంచి ఈ నెలలో ఎంతమంది కొన్నారు?"

వాడు సుద్ద మీది గీతలనే చూస్తున్నాడు. "ర్యాలీ అని చాలామంది కొత్తవే ఏయించారు రావు గారూ. ఈ తరగతిలో పంతొమ్మిది బళ్లు. సగం పైన."

"ఎన్ని పాస్ చేశాం?"

"పదమూడు."

పొద్దుట్నుంచి వాటిని కొలిచినవాణ్ణి నేనే. తూకం సరిపోయింది, అంచు గీత సరిపోయింది, ఫొటో సరిపోయింది. పాస్, పాస్, పాస్ అని పదమూడుసార్లు రాశాను.

లేచాను. మోకాళ్లు పట్టేశాయి. పక్క గడి వైపు నడిచాను.

"సతీశ్, నీ బండి పైకెత్తాలి."

"నా బండి పాస్ అయింది అంకుల్. స్టిక్కర్ వేశారు. మీరే వేశారు."

"ఆ ఆర్మ్‌లు ఎప్పుడు కొన్నానన్నావు?"

"పోయిన వారం. అయితే?"

"ఇక్కడికి వచ్చి ఈ సుద్ద చూడు."

వచ్చాడు. చూశాడు. ముఖంలో రంగు మారింది. అయినా వాడిలో వ్యాపారస్థుడి కొడుకు ముందు మేలుకున్నాడు. పోటీలో ఉన్న బండి మనిషి, పక్క బండిని విప్పమంటున్నాడు.

"ఏ హోదాలో అడుగుతున్నారు అంకుల్? బ్యాడ్జీ ఏది? మీరిప్పుడు పదిహేడో నంబరు మెకానిక్. మెకానిక్ చెప్తే నా బండి విప్పను. గీత డీజిలు గీతో, మీరు గీసిన గీతో నాకేం తెలుసు?"

"సతీశ్..." సూర్యప్రకాష్ అడుగు ముందుకు వేశాడు. నా బ్యాడ్జీ వాడి పిడికిలిలో ఉంది. "రావు గారూ, సుద్ద పరీక్ష రూలు పుస్తకంలో నేదు. ఫారం ప్రకారం ఆ ఆర్మ్ పాస్. నేనేం రాసి ఆపాలి? చెప్పండి. ఏం రాసి ఆపాలి?"

గంట క్రితం ఇదే షెడ్డులో, ఇదే బల్ల దగ్గర, ఫారంలో లేదు అని నా కూతురి నోరు నేను మూయించాను. ఆ మాట ఇప్పుడు నా ముందుకే వచ్చి నిలబడింది.

బండిని బయటికి తీసుకుపోదామని సతీశ్ ఎక్కి కూర్చున్నాడు. సీటు బెల్టు కూడా పెట్టుకోలేదు. తాళం తిప్పాడు. ఇంజను అరిచింది. నందిని తెల్లదుమ్ము షెడ్డంతా లేచింది.

దుమ్ములోంచి ప్రసూన నడిచి వెళ్లింది. హెల్మెట్ లేదు. వాడి బండి ముందు, బానెట్‌కి మోకాళ్లు ఆనించి నిలబడింది.

సతీశ్ కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది.